బెంజోట్రయజోల్ ఇచ్చినా కంచు గిన్నెపై మళ్లీ పచ్చపొడి

తవ్వకాల్లో దొరికిన కంచు గిన్నె. అంచు కింద రెండు గుంటల్లో లేత ఆకుపచ్చ పొడి లేస్తోంది. సూదిమొన తగిలితే చాలు, రాలిపోతుంది. అడుగున మైనంలాంటి బూడిదరంగు పొర.

మైక్రోస్కోప్ కింద పొడి తీసేసి, ఇథనాల్‌లో కలిపిన 3 శాతం తుప్పు నిరోధక మందు బెంజోట్రయజోల్‌లో వాక్యూమ్ కింద 24 గంటలు ఉంచాం. ఆరాక పారలాయిడ్ బి-72 (పారదర్శక అక్రిలిక్ రెసిన్) పూత వేశాం. సిలికా జెల్ పెట్టెలో, 35 శాతం తేమ దగ్గర ఆరు వారాలు ఏ మార్పూ లేదు. పరీక్షకని 55 శాతానికి పెంచితే 48 గంటల్లో అవే గుంటల్లో మళ్లీ పొడి! లోతున ఉన్న, తేమ తగిలితే ఇలా పొడిగా మారే రాగి లవణం క్యుప్రస్ క్లోరైడ్‌దాకా మందు చేరలేదని నా అనుమానం. క్లోరైడ్‌ను కడిగేసే సోడియం సెస్క్వికార్బొనేట్‌లో నానబెట్టడం వద్దనుకుంటున్నాం: నెలలు పడుతుంది, పైగా ఇంత అందమైన పాటినా (కాలంతో ఏర్పడిన పైపొర) రంగు మారిపోతుంది.

అసిటోన్‌తో పూత తీసి ఆ గుంటలకు మాత్రమే క్లోరైడ్‌ను మూసేసే సిల్వర్ ఆక్సైడ్ పెట్టాలా, గిన్నె మొత్తానికీ బెంజోట్రయజోల్ మళ్లీ ఇవ్వాలా?