అప్‌డేట్: మ్యాప్‌లో నా స్టేషన్ 37 కిలోమీటర్లు ఎందుకు జరిగిందో దొరికింది

హ్యామ్ రేడియో స్టేషన్లు ఎక్కడున్నాయో చూపించే ఏపీఆర్‌ఎస్ మ్యాప్‌లో నా స్టేషన్ అసలు చోటికి దాదాపు 37 కిలోమీటర్లు ఉత్తరంగా కనిపిస్తోందని అడిగాను కదా. జీపీఎస్‌ని అనుమానించారు కొందరు. పాపం, ఇందులో అది లేనే లేదు. లొకేషన్ నేను చేత్తో కొట్టిందే!

స్టేషన్ రేడియోలో పంపే ప్యాకెట్‌లో (చిన్న డేటా సందేశంలో) అక్షాంశం డిగ్రీలు, నిమిషాల్లో వెళ్లాలి. నేనేమో 12.50 డిగ్రీలను 1250.00ఎన్ (ఎన్ అంటే ఉత్తరం) అని ఇచ్చాను. అంటే 12 డిగ్రీల 50 నిమిషాలు. ఉండాల్సింది 1230.00ఎన్. తేడా 20 నిమిషాలు, ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు. లెక్క అతికినట్టు సరిపోయింది. రేఖాంశం మాత్రం సరిగ్గానే ఎలా కొట్టానో నాకే అర్థం కాలేదు.

పనిలో పనిగా, నిమిషానికోసారి పోతున్న బీకన్‌ని (లొకేషన్ చెప్పే ఆటోమేటిక్ సందేశాన్ని) 30 నిమిషాలకి మార్చాను. కదలని స్టేషన్‌కి అంత హడావిడి దేనికి, ఫ్రీక్వెన్సీ అందరిదీ కదా.