ఎన్‌ఐసీయూ తల్లిదండ్రుల నమ్మకాల ప్రశ్నావళి: ఫార్సీ రూపం ప్రామాణీకరణపై అనుభవాలు

సుభాషిణి: నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో (ఎన్‌ఐసీయూ) బిడ్డ ఉన్న తల్లిదండ్రుల నమ్మకాలను కొలిచేందుకు అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు మెల్నిక్ బృందం రూపొందించిన 18 అంశాల ప్రశ్నావళి ఫార్సీ రూపాన్ని టెహ్రాన్‌లోని సహపరిశోధకురాలితో కలిసి పరీక్షిస్తున్నాను. అనువాదం, సరిచూసేందుకు మళ్లీ మూలభాషలోకి తిరుగు అనువాదం పూర్తయ్యాయి. అంశాలను అంచనా వేసే నిపుణుల మండలి, నమూనా పరిమాణం, అవే ప్రశ్నలు అదే వ్యక్తులను మళ్లీ అడిగే పునఃపరీక్ష విషయాల్లో మీ అనుభవాలు చెప్పగలరు.

గణాంక_మిత్ర: ప్రశ్నావళుల గణాంకాలే ఏళ్ల తరబడి నా వృత్తి కనుక ఖచ్చితంగా చెబుతున్నాను. లాషే 1975లో ఇచ్చిన పట్టిక ప్రకారం పదిమంది నిపుణులుంటే, ఒక అంశం అవసరమేనని వారిలో ఎంతమంది ఒప్పుకున్నారో చూపే నిష్పత్తికి కనీస విలువ 0.62. ఎనిమిది మంది అవసరమన్న అంశానికి వచ్చేది 0.60 కాబట్టి అది నిలవదు. పునఃపరీక్ష రెండు వారాల తరువాతే జరగాలి, అందులో రాజీ వద్దు.

పద్మజ_నర్సు: రాజీ వద్దనడం మీకు సులభమే. వెంటిలేటర్‌పై ఉన్న బిడ్డ రెండు వారాల్లో తల్లి గుండెల మీదికి చేరితే, బిడ్డను చూసుకోగలనన్న ఆమె నమ్మకం పెరగకుండా ఉంటుందా? ఆ మార్పును కొలవడానికే కదా ఈ ప్రశ్నావళి పుట్టింది! తల్లిదండ్రులకు శిక్షణనిచ్చే కోప్ కార్యక్రమంపై 2006లో ప్రచురితమైన పరీక్షలో 260 కుటుంబాలు పాల్గొనగా, శిక్షణ పొందిన తల్లిదండ్రుల శిశువులు ఎన్‌ఐసీయూలో సగటున 3.8 రోజులు తక్కువగా ఉన్నారు. తల్లి మారినందుకు ప్రశ్నావళికి విశ్వసనీయత లేదని తీర్పు చెప్పడం అన్యాయం.

గణాంక_మిత్ర: ఆవేశం వేరు, కొలత వేరు. మార్పు తల్లిలో వచ్చిందో, ప్రశ్న అస్పష్టత వల్ల వచ్చిందో మీరెలా తేలుస్తారు? వ్యవధి మరీ తగ్గిస్తే పాత జవాబులు గుర్తుంచుకుని మళ్లీ రాస్తారు.

పద్మజ_నర్సు: శిశువు స్థితి మారని తల్లులనే ఎంచుకుని, కొద్ది రోజుల వ్యవధిలో అడిగితే తేలుతుంది. కొలిచేది స్థిరంగా ఉన్నప్పుడే పునఃపరీక్షకు అర్థముంటుందన్నది మీ శాస్త్రం చెప్పేదే కదా, దాన్ని వార్డుకు వచ్చేసరికి ఎందుకు మరుస్తున్నారు?

రవి_నాన్న: మీ వాదనలో తండ్రులు ఎక్కడ? మా బాబు ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు ఇలాంటి పత్రం నా భార్యకే ఇచ్చారు, తలుపు బయట నిలబడిన నన్ను ఎవరూ అడగలేదు. ఇరాన్‌లోనూ తల్లులనే అడిగి, తల్లిదండ్రుల ప్రశ్నావళి అని ప్రచురిస్తే ఆ పేరు న్యాయం కాదు.

గణాంక_మిత్ర: ఆ మాట నిజం. తండ్రులు తగినంత మంది లేకపోతే రెండు వర్గాల్లోనూ ప్రశ్నావళి నిర్మాణం ఒకటేనని నిరూపించలేరు.

సుభాషిణి: తండ్రులను చేర్చే విషయం ఈ వారమే నా సహపరిశోధకురాలితో మాట్లాడతాను. అంశానికి పదిమంది చొప్పున 180 మంది సరిపోతారా అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

గణాంక_మిత్ర: ఏ అంశాలు ఒక గుంపుగా చేరతాయో వెతికే అన్వేషణాత్మక విశ్లేషణకు సరిపోతారు. ఆ గుంపులు నిలుస్తాయో లేదో పరీక్షించే నిర్ధారణ విశ్లేషణ కూడా చేయదలిస్తే, అదే నమూనాపై చేయక వేరే తల్లిదండ్రులను తీసుకోండి.