లారా విన్న ఆ పిట్ట నైటింగేలేనా?

నంద్యాల టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మార్చిలో అమెరికా వచ్చాను, కాన్సస్ రాష్ట్రం ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో మా అమ్మాయి దగ్గరికి. పగలంతా అమ్మాయీ అల్లుడూ చెరో గదిలో తలుపేసుకుని మీటింగుల్లో ఉంటారు. నాకు తోడు మా మనవరాలు, అదీ స్కూలు నుంచి వచ్చాకే. దానికి తొమ్మిదేళ్ళు.

రాత్రి పడుకునే ముందు మా ఇద్దరికీ ఒక ఒప్పందం. అది ఇంగ్లీషులో ఒక అధ్యాయం పైకి చదువుతుంది, నేను అదే కథ తెలుగులో తిరిగి చెప్పాలి. ఏదైనా మింగేస్తే పట్టేసుకుంటుంది. ఇప్పుడు చదువుతున్నది లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ'. అమ్మ, నాన్న, ముగ్గురు ఆడపిల్లలు, ఒక కుక్క. గూడుబండి కట్టుకుని విస్కాన్సిన్ అడవుల నుంచి కాన్సస్ గడ్డి మైదానానికి వస్తారు. "ప్రెయిరీలు, స్టెప్పీలు, పంపాలు" అని మా సోషల్ సార్లు పిల్లల చేత బట్టీ పట్టించేవాళ్ళు. ఆ ప్రెయిరీ మీదే ఒక ఇల్లు లేస్తుంటే చూస్తున్నట్టుంది. ఒక అధ్యాయమంతా తలుపు చేయడమే! ఇనుప మేకు ఒక్కటి లేకుండా చెక్క సీలలు, తోలు బందులు పెట్టి తలుపు బిగిస్తాడు నాన్న. మా నాయన బండి చక్రానికి ఆకులు దిగ్గొట్టేటప్పుడు నేను పక్కన గొంతుక్కూర్చుని చూసేదాన్ని. అచ్చం ఆ సంబరమే.

ఇంటిల్లిపాదికీ చలిజ్వరం పట్టుకునే అధ్యాయం ఇంకా బాగుంది. పుచ్చకాయలు తిన్నందుకే వచ్చిందంటుంది ఇరుగింటావిడ. కథ జరిగింది 1870 ప్రాంతంలో. మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా గుట్టు పట్టుకున్నది 1897లో. అన్నాళ్ళూ పాపం నింద పుచ్చకాయే మోసింది. ఇది చెప్తే మనవరాలు పడీపడీ నవ్వింది.

అసలు సంగతికి వస్తాను. మా అల్లుడు ఒక బైనాక్యులర్స్, ఇక్కడి పక్షుల గైడు కొనిచ్చాడు. పెరట్లోకి ఎర్రటి కార్డినల్, నీలం జే వస్తుంటాయి. దాంతో మేమొక నోట్‌బుక్ మొదలుపెట్టాం. కథలో పక్షి పేరు వస్తే ఒక గడిలో ఆ పేరు, పక్కన గైడులో పేజీ నంబరు, ఆ పక్కన మన దగ్గర దానికి చుట్టం ఎవరు అని. ప్రెయిరీ చికెన్‌కి మన కౌజు పిట్ట చుట్టం. మెడోలార్క్ పేరు చూసి భరతపక్షి అని రాశాను. గైడు చూస్తే అది ఇక్కడి బ్లాక్‌బర్డ్‌ల కుటుంబమట, కొట్టేశాను.

మొన్న రాత్రి నాన్న వెన్నెల్లో ఫిడేలు వాయించే చోటుకి వచ్చాం. వాగు ఒడ్డున చెట్టు చివర ఒక నైటింగేల్ పాట అందుకుంటుంది, ఫిడేలూ పిట్టా కలిసి పాడతాయి. నా మనవరాలు దుప్పటి తన్నేసి లేచి గైడు తెచ్చింది. వెనక పట్టికలో వేలు పెట్టి వెతికింది. నైట్‌హాక్ ఉంది, నైట్ హెరాన్ ఉంది, నైటింగేల్ లేదు. రెండోసారి వెతికింది, లేదు. "అవ్వా, లారా అబద్ధం రాసిందా?" అంది.

నైటింగేల్ యూరప్ పక్షి అని నాకు తెలుసు. కానీ పిల్లకి ఆ మాట చెప్పి పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఆ రాత్రి పాడింది ఏ పిట్ట అయ్యుంటుంది? ఇంకో చిన్న కోరిక: ఇలాగే ఇంటి కబుర్లు, పిట్టలు కలిసి వచ్చే పుస్తకాలుంటే పేర్లు ఇవ్వండి. యుద్ధాలు, రాకాసులు వద్దు.

పసులపోలిగాడు:

టీచరమ్మ గారూ, నేనుండేది డాలస్‌లో. మీ ప్రశ్నకి జవాబు మా ఇంటి ముందు వీధి దీపం మీదే కూర్చుంటుంది. మాకింగ్‌బర్డ్. టెక్సస్ రాష్ట్ర పక్షి అదే. ఏప్రిల్, మే నెలల్లో జత దొరకని మగపిట్ట రాత్రంతా పాడుతుంది, వెన్నెల ఉంటే మరీ. ఇండియా టీమ్‌తో కాల్స్ అయ్యేసరికి నాకు ఒంటి గంట అవుతుంది. పడుకుందామని లైటు తీస్తే అప్పుడు వీడి కచేరీ మొదలు. మొదటి ఏడాది నిద్ర లేక పిచ్చెక్కింది. ఇప్పుడు ఏ రాత్రైనా పాడకపోతే ఏమైందా అని కిటికీ తీసి చూస్తున్నాను.

కాన్సస్‌లో, అందులోనూ లారా వాళ్ళున్న ఆగ్నేయం మూల, మాకింగ్‌బర్డ్ మామూలే. చెట్టు చివరెక్కి రాత్రి గొంతెత్తి రకరకాలుగా పాడేదంటే నా ఓటు దానికే. గుర్తుపట్టడం తేలిక, మీ మనవరాలికి లెక్క నేర్పండి. ఒక్కో ముక్కని మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదారు సార్లు వరసగా అని ఇంకో ముక్కకి దూకితే మాకింగ్‌బర్డ్. రెండేసి సార్లు అంటే బ్రౌన్ థ్రాషర్. ఒక్కొక్కసారే అంటూ మధ్యలో పిల్లిలా కూస్తే క్యాట్‌బర్డ్. మూడూ ఒకే కుటుంబం. ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెడితే అదే చెప్పేస్తుంది గానీ, లెక్కపెట్టడంలో ఉన్న మజా వేరు.

ఇక లారా అబద్ధం రాసిందా అంటే, రాత్రిపూట కమ్మగా పాడే పిట్టకి పాటల్లో, పద్యాల్లో విన్న పేరే పెట్టేసి ఉంటారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? సరోజినీ నాయుడుని ఇంగ్లీషులో నైటింగేల్ అంటే మనం 'భారత కోకిల' చేసుకోలేదా? కోకిలకీ నైటింగేల్‌కీ ఏ చుట్టరికమూ లేదు. పాపకి ఇది చెప్పండి.

పుస్తకం అడిగారు కదా. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆత్మకథ, 'ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో', 1985లో వచ్చింది. అమ్మానాన్న పోయి మేనమామ ఇంట్లో పెరిగిన కుర్రాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొడతాడు. గొంతు మీద పసుపు మచ్చ. అదేం పిట్టో మేనమామకీ తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే, అక్కడ మిల్లర్డ్ దొర బీరువా సొరుగులు లాగి వరసగా పేర్చిన పిట్టల్ని చూపిస్తాడు. పిల్లవాడి జీవితం అక్కడే మలుపు తిరిగింది. పుస్తకమంతా తొమ్మిదేళ్ళ పిల్లకి ఎక్కదు, మొదటి అధ్యాయాలు మీరు తెలుగులో చెప్పండి.

రిమోట్ రాజా:

ఇది టీవీ సీరియల్‌గా ఎప్పుడో వచ్చింది కదండీ. చూసేస్తే పోయేదానికి రోజుకో అధ్యాయం ఎందుకు?

డకోటా చలి:

టీచరమ్మ గారూ, నేను సౌత్ డకోటాలో సూ ఫాల్స్‌లో ఉంటాను. లారా కుటుంబం చివరికి స్థిరపడ్డ డి స్మెట్ ఊరు మాకు రెండు గంటల లోపు ప్రయాణం. మా పిల్లలతో మూడుసార్లు వెళ్ళాను. ఆ నాన్న నాటిన కాటన్‌వుడ్ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి కింద పులిహోర తిన్నాం.

నైటింగేల్ సంగతికి ఒక మాట కలుపుతాను. లారా పుట్టింది 1867 ఫిబ్రవరిలో. వాళ్ళు కాన్సస్‌లో ఉన్నది 1869 నుంచి 1871 వరకు, అంటే పిల్లకి రెండు మూడేళ్ళు. కథలో కాస్త పెద్ద పిల్లగా రాసుకుంది. పుస్తకం వచ్చింది 1935లో, ఆమెకి అరవై ఎనిమిదేళ్ళప్పుడు. అమ్మానాన్న చెప్పగా విన్న కబుర్లే చాలావరకు. ఇండిపెండెన్స్ ఊరికి నలభై మైళ్ళ దూరంలో ఇల్లు అని రాసింది, తీరా చూస్తే పదమూడు మైళ్ళేనట. మైళ్ళే తేడా వచ్చినప్పుడు పిట్ట పేరు రాదా?

అదే తనకి ఊహ తెలిశాక చూసినవి రాసిన పుస్తకాల్లో పక్షులు దిట్టంగా ఉంటాయి. 'ద లాంగ్ వింటర్' తప్పక చదివించండి. 1880-81 చలికాలం. బాతులు, హంసలు గుంపులుగా వస్తాయి గానీ సరస్సు మీద దిగకుండా ఎత్తున ఎగిరిపోతుంటాయి. వేటకి వెళ్ళిన నాన్న వట్టి చేతులతో వస్తాడు. నీటి ఎలుకలు గూటి గోడలు మామూలు కంటే మందంగా కట్టుకున్నాయని చూసి గాబరా పడతాడు. అక్టోబరులోనే మంచు తుఫాను. తగ్గాక గడ్డివాములో ఒక వింత పిట్ట దొరుకుతుంది, నలుపూ తెలుపూ, సముద్రం మీది ఆక్ పక్షికి బుల్లి నకలు. నేల మీద నుంచి లేవలేదు. తీసుకెళ్ళి సరస్సులో వదిలితే నీళ్ళ మీద పరుగెత్తి ఎగిరిపోతుంది. ఇక్కడి చలిలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, ఆ పేజీలు చదువుతుంటే హీటర్ పక్కన కూడా ఒళ్ళు జిల్లుమంటుంది. తర్వాత నెలల తరబడి రైళ్ళు ఆగిపోతాయి, కాఫీ మరలో గోధుమలు విసురుకుని తింటారు, గడ్డి మెలిపెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు.

దాని తర్వాతి పుస్తకంలో జొన్నకంకులు... కాదు, మొక్కజొన్న కంకుల మీద నల్లపిట్టలు దండుగా పడితే అమ్మ ఆ పిట్టల్నే పిండిలో కూరి 'పై' అనే వంటకం చేస్తుంది. పాపకి అది చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఊరపిచ్చుక:

అమ్మా, నేను తుల్సాలో చదువుకుంటున్నాను. పుస్తకం నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఆ నాన్న ఇల్లు కట్టుకున్న నేల అమెరికా ఆదివాసులైన (పుస్తకంలో ఇండియన్లు అనేది వీళ్ళనే) ఒసేజ్ జాతి వాళ్ళది. అనుమతి లేకుండా వెళ్ళి పాగా వేశారు. పుస్తకం చివర్లో బారులు తీరి వెళ్ళిపోయేది వాళ్ళే. ఆ నేల వదిలి ఇప్పటి ఒక్లహోమాకి వచ్చారు. పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇవాళ మిగిలిన పెద్ద ముక్క ఒకటి ఆ ఒసేజ్ కౌంటీలోనే ఉంది. ఇంకోటి: మొదట్లో ఆ పుస్తకంలో అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అని ఒక వాక్యం ఉండేది. ఒక పాఠకురాలు ఉత్తరం రాసి అడిగాక 1953 ముద్రణలో మనుషులు అన్న మాట తీసి, వలస వచ్చినవాళ్ళు అని మార్చారు. లారా పేరు మీద ఉన్న బాలసాహిత్య అవార్డుకి 2018లో పేరు మార్చారు.

చదవొద్దని కాదు. పక్కన ఇంకో పుస్తకం కూడా పెట్టుకోండని. లూయీజ్ ఎర్డ్రిక్ రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్', 1999. సుపీరియర్ సరస్సులో ఒక దీవి, 1847, ఓజిబ్వే అనే ఆదివాసీ జాతి పిల్ల ఒమకయాస్. అమ్మమ్మ, తమ్ముళ్ళు, తోళ్ళు గీకడం, మేపుల్ చెట్టు పాలతో చక్కెర వండటం. మీరడిగిన ఇంటి కబుర్లు బోలెడు. పిట్ట కూడా ఉంది, ఒమకయాస్ పెంచుకునే కాకి, పేరు ఆండెగ్. ఒకచోట మశూచి వస్తుంది, అది ముందే చదువుకుని పాపకి చెప్పండి. అదే వరసలో తర్వాతి పుస్తకాలు మైదానాల్లోకి వెళ్తాయి. అందులో ఒక పిల్లవాడి పేరు చికడీ, మీ పెరట్లో తిరిగే నల్లటోపీ బుల్లిపిట్ట పేరే.

నంద్యాల టీచరమ్మ:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాజా బాబూ, సీరియల్ చూస్తే అది చూస్తూ చూస్తూ నిద్రపోతుంది, నేను తెలుగులో చెప్పడానికి ఏం మిగులుతుంది?

భారత కోకిల మాట చెప్పాను. కాసేపు ఆలోచించి "అయితే అబద్ధం కాదు, అనువాదం" అంది. నేనేమీ అందించలేదు, నిజం.

ఊరపిచ్చుక అమ్మాయివో అబ్బాయివో తెలియదు గానీ, మంచి మాట అడిగావు. ఆ రాత్రే చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ తలుపు ఎవరి నేల మీద పెట్టాడు?" అంది. తలుపు మా ఇద్దరికీ నచ్చిందిగా, అందుకే అలా అడిగిందనుకుంటాను. బర్చ్‌బార్క్ పుస్తకం కావాలని లైబ్రరీలో చెప్పి పెట్టాం, వచ్చే వారం వస్తుంది.

పోయిన ఆదివారం అల్లుడు స్ట్రాంగ్ సిటీ దగ్గరున్న టాల్‌గ్రాస్ ప్రెయిరీకి తీసుకెళ్ళాడు. రెండు గంటల దారి. అక్కడ నేల అడుగున అంతా సున్నపురాయి, మధ్యలో చెకుముకిరాయి. నాగలి దిగలేదు కాబట్టే గడ్డి బతికిపోయిందట. రాయి చూస్తే మా బేతంచెర్ల బండలే. వసంతంలో కావాలని గడ్డికి నిప్పు పెడతారు. నల్లగా కాలిన నేల మీద వేలెడు పచ్చగడ్డి, కంచె గుంజ మీద మెడోలార్క్. పసుపు ఛాతీ, మెడలో నల్లటి నెలవంక. నోరు తెరిస్తే ఏడెనిమిది స్వరాలు గలగలా కింద పడ్డట్టుంది.

ప్రెయిరీ చికెన్ తెల్లవారుజామున వెళ్తేనే కనబడుతుందట, మాకు దొరకలేదు. మగది మెడ పక్కన నారింజ రంగు తిత్తులు ఉబ్బించి గుమ్ముమని మోగిస్తుందని అక్కడి బోర్డు మీద ఉంది. అది చదవగానే నాకు రోళ్ళపాడు గుర్తొచ్చింది. మిడుతూరు మండలంలో పనిచేసిన రోజుల్లో స్కూలు పిల్లలు నన్నొకసారి పొద్దున్నే బట్టమేక పక్షిని చూపిస్తామని బోదగడ్డిలోకి తీసుకెళ్ళారు. మగపక్షి, మీటరు ఎత్తు, గొంతు కింద సంచి ఉబ్బి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. హూమ్మని మోత, ఎవరో ఖాళీ బానలోకి వంగి పిలిచినట్టు. చప్పుడు చేస్తే పోతుంది మేడమ్ అని ఒక పిల్లవాడు నా చీర కుచ్చిళ్ళు పట్టి కూర్చోబెట్టాడు. ఈమధ్య వెళ్తే బోర్డు మీద బొమ్మే చూశాను. నోట్‌బుక్‌లో ప్రెయిరీ చికెన్ ఎదురుగా చుట్టం గడిలో కౌజు పక్కన బట్టమేక అని కూడా రాయించాను. శాస్త్రం ఒప్పుకోదు. నేను ఒప్పుకున్నాను.

పసులపోలిగాడు బాబూ, నీ లెక్క నిన్న పనికొచ్చింది. చీకటి పడుతుండగా వెనక ఇంటి చెట్టు చివర ఒక పిట్ట అందుకుంది. ఇద్దరం వెనక మెట్ల మీద కూర్చుని వేళ్ళు మడిచాం. రెండు. మళ్ళీ రెండు. మళ్ళీ రెండే. మూడోసారి అంటుందేమోనని పిల్ల ఊపిరి బిగబట్టింది, అనలేదు. ఉసూరుమంటూ థ్రాషర్ అని రాసుకుంది. నైటింగేల్ ఎదురుగా గడి ఇంకా ఖాళీగానే ఉంది. నా టికెట్ ఆగస్టు చివర్లో. ఈ నెల పౌర్ణమికి ఆవరణలో కుర్చీలు వేసుకుంటామని అల్లుడితో చెప్పేశాం.