తినగ తినగ వేము... తియ్యనుండునా, తియ్యనగునా?

మల్కాజిగిరి మామ:
పెద్దలందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఈ ఏఐ అంటే ఏంటో ఓనమాల నుంచి తెలుసుకుందామని అమీర్‌పేటలో ఓ క్లాసులో చేరా. పిల్లాడు బాగానే చెప్తున్నాడు. నిన్న ట్రైనింగ్ అంటే ఏంటో చెప్తూ వేమన పద్యం ఎత్తుకున్నాడు, అనగననగ రాగమతిశయిల్లుచునుండు, అక్కడిదాకా బానే ఉంది, ఆ తర్వాత "తినగ తినగ వేము తియ్యనగును" అనేశాడు. నా నోట్లో నానింది "తియ్యనుండు". ఇంక పాఠం ఎక్కితే ఒట్టు. పద్యంలో ఏ మాట సరైనదో ఎవరైనా తేల్చండి బాబూ.

గణాల గణపతి:
ఛందస్సుని అడిగితే తీర్పు రాదు మామా, ముందే చెప్తున్నా. ఆటవెలది రెండో పాదం ఐదూ సూర్యగణాలే కదా, అంటే గురువు-లఘువుల హగణమో, మూడు లఘువుల నగణమో. తియ్య-నుండు అంటే రెండు హగణాలు, తియ్య-నగును అంటే హగణం, నగణం. రెండూ కూర్చుంటాయి. యతి ఎటూ తి-తి, దానికి వచ్చిన ఢోకా లేదు.

నాంపల్లి అక్షరం:
నేను చదివిన పుస్తకాల్లో "తియ్యనుండు"నే. అయినా వేమన విషయంలో అచ్చు పుస్తకం చూపించి గెలిచానంటే కుదరదు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించేనాటికే ఒక్కో తాటాకు ప్రతిలో ఒక్కో పాఠం.

యాపచెట్టు కింద:
గణాలు ఇడ్సిపెట్టుర్రి సార్, అర్థం చూడుర్రి. "అగును" అంటే యాప నిజంగనే తియ్యగ మారిందని. "ఉండు" అంటే తినెటోనికి అట్ల అనిపిస్తదని. యాప ఎన్నడన్న మారుతదా? మారేది నాలుక. అందుకే "ఉండు"నే కరెక్టు, నా లెక్కల.

గచ్చిబౌలి కోమలి:
అన్నా, మీకు తెలీకుండానే మామయ్యగారి ఏఐ క్లాసు పాఠం చెప్పేశారు. నా ఉద్యోగం ఇదే కాబట్టి రెండు ముక్కలు. ట్రైనింగ్‌లో ఏఐకి పెట్టే తిండి మన రాతలు, పుస్తకాలూ పేపర్లూ నెట్‌లో ఉన్నవీ. ఆ రాతల్లో ఒక్క అక్షరం మారదు. మారేది దాని లోపలున్న అంకెలు, వెయిట్స్ అంటాం. "అనగనగా ఒక" అని ఇచ్చి తర్వాతి మాట ఊహించమంటారు. మొదట్లో అది "టమాటా" అన్నా అంటుంది. అసలు రాతలో "రాజు" అని ఉంటుంది, అది ఎంత దూరం తప్పిందో లెక్కకట్టి, ఈసారి "రాజు"కి కాస్త దగ్గరయ్యేలా ఆ అంకెల్ని రవ్వంత రవ్వంత జరుపుతారు. ఇలా కోట్ల సార్లు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే ఏఐ మోడల్‌లో ఆ అంకెలు 17,500 కోట్లు. ఎవరో లోపల కూర్చుని "అనగనగా తర్వాత రాజు రావాలి" అని రూల్ రాయలేదు, తినగ తినగ వచ్చిందంతే.

మల్కాజిగిరి మామ:
అమ్మా, బాగా చెప్పావు. మరి నేను రోజూ పొద్దున్నే దానితో మాట్లాడుతుంటా కదా, అలా మాట్లాడగా మాట్లాడగా నాకు అలవాటు పడుతుందా?

గచ్చిబౌలి కోమలి:
పడదు మామయ్యగారూ, అందరూ పొరబడేది అక్కడే. మీ దగ్గరికొచ్చేసరికి దాని తినడం అయిపోయింది, మీరు మాట్లాడుతుంటే ఆ అంకెలు కదలవు. ఇందాక మీరన్నది గుర్తున్నట్టు ఎందుకుంటుందంటే, మీరు కొత్త మాట పంపిన ప్రతిసారీ పాత సంభాషణ కూడా దాని ముందు పెడతారు, అది మొత్తం చదువుకుని జవాబిస్తుంది. కొన్ని యాప్‌లు మీ పేరూ ఇష్టాలూ రాసిపెట్టుకుని ముందే చూపిస్తాయి, అది చీటీ చూసి చెప్పడమే. మీ మాటల్ని దాచి తర్వాతి మోడల్ ట్రైనింగ్‌లో కలపొచ్చేమో గానీ అది వేరే సంగతి, సెట్టింగ్స్‌లో చూసుకోండి.

గణాల గణపతి:
కోమలిగారూ, మీరు రెండో పాదంలోనే ఆగిపోయారు, అసలు కథ మూడో పాదంలో ఉంది. "సాధనమున పనులు సమకూరు ధరలోన". సాధనము అంటే పనిముట్టు అని ఎందుకు కాకూడదు? ఇవాళ ఏఐతో పనులు సమకూరట్లేదూ?

నాంపల్లి అక్షరం:
గణపతీ, నీ సరదాకి వేమనని లాగకు. పైన అనగననగ, తినగతినగ అని రెండుసార్లు నొక్కి చెప్పినవాడు మూడోదాంట్లో సుత్తీ శానం గురించి చెప్తాడా? అక్కడ సాధనమంటే అభ్యాసమే.

గణాల గణపతి:
సరే సార్, మీ మాటే. కానీ ఒకటి, నిన్న రాత్రి ఇదే పాదం ఓ చాట్‌బాట్‌కిచ్చి గణవిభజన చెయ్యమన్నా. "తియ్య" రెండూ గురువులేనంది! మన ఎనిమిదో క్లాసు పిల్లలు నయం. వేమన గురించి పేజీలు పేజీలు దంచుతుంది, గురులఘువులు రావా?

గచ్చిబౌలి కోమలి:
రాకపోవడానికి కారణముంది. "తియ్యనుండు" మీ చెవికి నాలుగక్షరాలు, తి-య్య-నుం-డు. కంప్యూటర్‌కి త, గుడి, య, పొల్లు, య... ఇలా విడగొడితే ప్రతి గుర్తుకీ ఓ నంబరిచ్చే యూనికోడ్‌లో 10 ముక్కలు, ఆ నంబర్లని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తే 30 బైట్లు. మోడల్ వాటిని మళ్లీ తనకి అలవాటైన తునకలుగా కోస్తుంది, ఆ కోత ఎక్కడ పడుతుందో అక్షరంతో పనిలేదు. పైగా అది ఎప్పుడూ పద్యం విన్నది కాదు, రాత చూసిందే. రాగం వినకుండా గణం ఎక్కడొస్తుంది.

యాపచెట్టు కింద:
అక్కా, నేను ఇంకోటి చూసిన. యాప మీద వేమన పద్యాలు ఐదు చెప్పు అంటే టకటక ఐదు చెప్పింది, అన్నిటికి చివర "విశ్వదాభిరామ వినుర వేమ" అని తగిలిచ్చింది. అండ్ల ఈ పద్యం తప్ప ఒక్కటి నేను విన్నది లేదు.

గచ్చిబౌలి కోమలి:
హా, హాలూసినేషన్ అంటారు దాన్ని. దానికి తెలిసింది "వేమన పద్యం ఎలా ఉంటుంది" అన్నదే, "ఇది వేమన రాశాడా" అని సరిచూసుకునే పని అందులో లేదు. పద్యం కావాలంటే పుస్తకం తెరవాలి, లేదా పుస్తకంలో వెతికి చెప్పే ఏర్పాటు దానికి పెట్టాలి.

నాంపల్లి అక్షరం:
దాన్నొక్కదాన్నే అనకండి. మకుటం తగిలించి వేమన ఖాతాలో వేయడం మనవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే, ఎన్ని ఆయనవో ఎన్ని కావో పండితులే ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అసలు ఆ మకుటానికే విశ్వద అని ఒకరు, అభిరాముడనే కంసాలి అని ఒకరు కథలు అల్లారు. నన్నడిగితే అదంతా కట్టుకథ, విశ్వదుడూ అభిరాముడూ అయినవాడు అని దేవుణ్ణి పిలవడమే. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ముందు సెల్ఫీ దిగేవాళ్లని ఆపి మకుటానికి అర్థం అడగాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

మల్కాజిగిరి మామ:
అయ్యా, నా నుండు-నగును ఏమైంది?

గణాల గణపతి:
వస్తున్నా మామా. మొదటి పాదం చివర చూడండి, "అతిశయిల్లుచు నుండు". రెండో పాదం చివర కూడా "నుండు" వస్తే జోడీ కుదురుతుంది. నా ఓటు తియ్యనుండుకే.

నాంపల్లి అక్షరం:
ప్రాస నియమమే లేని ఆటవెలదిలో అంత్యప్రాస సాక్ష్యమా? పైగా అదే నీకు ఎదురు తిరుగుతుంది. మొదటి పాదం చివర "నుండు" చెవిలో మోగుతుంటే రాసుకునేవాడి చెయ్యి రెండో పాదంలో కూడా "నుండు" అనే రాస్తుంది. అలా చూస్తే "నగును"నే పాతది అయ్యుండొచ్చు.

యాపచెట్టు కింద:
అంటే రాసెటోడు గూడ ముందటి మాట చూసి తర్వాతి మాట ఊహించిండన్నట్టు.

నాంపల్లి అక్షరం:
నువ్వు మధ్యలో దూరకు. గణపతీ, నీ "నుండు" ఉన్న రాతప్రతి ఫోటో ఏదైనా ఉంటే పెట్టు.

గణాల గణపతి:
ముందు మీ "నగును"కి పెట్టండి సార్.