అప్‌డేట్: గుండె ఆగి బతికిన నాన్నకు మతిమరుపు, ఇది డిమెన్షియానా?

సీపీఆర్‌తో బతికిన నాన్నకు ఇప్పుడే చెప్పింది కూడా గుర్తుండట్లేదు, ఇది డిమెన్షియానా, ఐసీయూలో మెదడును కాపాడడానికి ఒంటిని 33 డిగ్రీలకు చల్లబరచకపోవడం వల్లేనా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. న్యూరాలజిస్టును కలిశాం.

కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్, ఆక్సిజన్ అందకపోతే ముందుగా దెబ్బతినే భాగాల్లో ఒకటట. అందుకే నాన్న చిన్నప్పటి సంగతులు పేర్లతో సహా చెప్తారు, పొద్దున తిన్న టిఫిన్ మాత్రం గుర్తుండదు. అల్జీమర్స్‌లా ఏళ్ల తరబడి ముదిరే జబ్బు కాదిది. దెబ్బ ఒక్కసారే తగిలింది, మొదటి నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారని చెప్పారు. జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష ఎలా ఉన్నాయో ప్రశ్నలతో చూసే ఏసీఈ-3 పరీక్ష తెలుగులోనే చేశారు, అది నాకెంతో ఊరట. ఇంగ్లిష్‌లో అడిగితే ఆయన తడబడేవారు.

ఇక చల్లబరచడం సంగతి. గుండె ఆగి బతికి, స్పృహ రానివాళ్లపై చేసి 2021లో వచ్చిన టీటీఎమ్2 అనే ట్రయల్‌లో, 33 డిగ్రీలకు చల్లబరిచినవాళ్లకూ జ్వరం రాకుండా చూసుకున్నవాళ్లకూ ఆరు నెలలకు మరణాల్లో తేడా కనిపించలేదు. ఆ టెన్షన్ తీరింది.

ఇప్పుడు ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు ఒక్క మాట: స్పృహ రాకపోయినా, గుండె మళ్లీ కొట్టుకున్నాక కనీసం 72 గంటలు ఆగి, ఒక్క పరీక్షతో కాకుండా ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎమ్మారై లాంటివి కలిపి చూశాకే మెదడు గురించి అంచనా వేయాలని మార్గదర్శకాలు చెప్తున్నాయి. డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడకండి.