సముద్రం లేని ఓరుగల్లు నుంచి ఓడల వకీలా?

కాజీపేట_అన్న: మా చెల్లెలు హనుమకొండలో లా చివరి సంవత్సరం. ముంబై వెళ్లి అడ్మిరల్టీ, అంటే ఓడల కేసులు ప్రాక్టీస్ చేస్తానంటోంది. నాన్న వద్దంటున్నారు. ఏం చెప్పమంటారు?

సీనియర్_వకీలు: వద్దనే చెప్పండి. తెలంగాణకు సముద్రమే లేదు. భద్రకాళి చెరువులో పడవను అరెస్టు చేస్తుందా?

గోదారిఖని: 😂😂

మాజీ_జూనియర్: నవ్వండి సార్. ఓడల అరెస్టులో దేశానికి దారి చూపిన కేసు మన హైదరాబాద్ హైకోర్టులోనే మొదలైంది. ఎం.వి. ఎలిజబెత్ అనే ఓడ కేసు. గోవా కంపెనీ సరుకు గొడవ, ఓడను పట్టుకుంది విశాఖలో. 1992లో సుప్రీంకోర్టు, విదేశీ ఓడ మీద కూడా మన హైకోర్టుకు అధికారం ఉందని తేల్చింది.

సీనియర్_వకీలు: అప్పుడు విశాఖ మన హైకోర్టు కింద ఉండేది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్ర హైకోర్టు వేరు. ఇప్పుడు విశాఖలో ఓడను ఆపాలంటే అమరావతికి పోవాలి.

మాజీ_జూనియర్: 2017 అడ్మిరల్టీ చట్టంలో హైదరాబాద్ హైకోర్టు పేరుంది, చదవండి.

సీనియర్_వకీలు: పేరుంటే సరిపోదు, తీరం ఉండాలి.

(దీని మీదే ఇద్దరూ ఇంకో ఏడెనిమిది పోస్టులు కొట్టుకున్నారు.)

కాజీపేట_అన్న: అయ్యా, తను వెళ్తానంటున్నది ముంబైకి.

జగిత్యాల_మెరైన్: ఓడలో పనిచేసినవాణ్ని. ఓడ అరెస్టంటే కెప్టెన్‌కు బేడీలు కాదు. కోర్టు ఆర్డర్ పోర్టుకు, కస్టమ్స్‌కు చేరుతుంది, ఓడ కదలదు. ఓనర్ తరఫున సెక్యూరిటీ, అంటే బాకీకి హామీ, కట్టాక వదులుతారు. మా జీతాలు ఆపినప్పుడు ఈ దారే దిక్కయింది. సిబ్బంది జీతాల బాకీకే చట్టంలో మొదటి ప్రాధాన్యం. అదీగాక 2025లో కేరళ దగ్గర ఎం.ఎస్.సి. ఎల్సా 3 ఓడ మునిగితే, ఆ ప్రభుత్వం 9,531 కోట్ల దావా వేసి అదే గ్రూపు ఓడను ఆపించింది. పని లేదని మాత్రం అనకండి.

సీనియర్_వకీలు: పని ఉంది, ఎవరికి? ముంబైలో తాతల నాటి ఆఫీసులకు. చార్టర్ పార్టీ, అంటే ఓడ అద్దె ఒప్పందాల, తగాదాలు ఎక్కువగా లండన్, సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు పోతాయి. తెలియని ఊళ్లో మొదటి మూడేళ్లు ఆ పిల్ల ఏం తింటుంది?

మాజీ_జూనియర్: ఇక్కడ ఏం తిన్నాం సార్? ఒక సీనియర్ దగ్గర పొద్దున ఫైళ్లు మోసి, సాయంత్రం ఆయన పిల్లల్ని ట్యూషన్‌కు దింపాను. నెలాఖరుకు పెట్రోల్ డబ్బులు అడిగితే "నేర్చుకుంటున్నావు కదా" అన్నాడు. జూనియర్‌కు పట్నంలో 20,000, పల్లెలో 15,000 ఇవ్వండని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. మీ దగ్గర ఎంతమందికి అందుతోంది?

సీనియర్_వకీలు: అది సలహా, ఉత్తర్వు కాదు. నేర్పినందుకు తిట్లా? మీరంతా ముంబై పోతే ఇక్కడి కోర్టుల్లో నిలబడేదెవరు?

మాజీ_జూనియర్: ఇప్పుడొచ్చారు అసలు మాటకు. మీ బాధ సముద్రం గురించి కాదు.

హన్మకొండ_చౌరస్తా: ఇద్దరూ బీపీ చూపించుకోండి.

కాజీపేట_అన్న: మా ఇంట్లోనూ అంతే. భూమి కేసు ఏళ్లుగా నడుస్తోంది. ఇంట్లో ఒక వకీలుంటే ఫీజులు మిగులుతాయనే నాన్న దాన్ని లా చదివించారు. రాత్రి అది మొహం మీదే అనేసింది, "నేను మీ కేసు కోసం పుట్టలేదు" అని. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సీనియర్_వకీలు: భూమి ఏ మండలం? సాదాబైనామానా, అంటే రిజిస్ట్రీ లేకుండా తెల్లకాగితం మీద కొన్నదా? లేక భూరికార్డుల ధరణిలో పేరు తప్పు పడిందా?

కాజీపేట_అన్న: సాదాబైనామా. కాగితాలు నేను పట్టుకొస్తాను సార్. చెల్లెలు రాదు.