షరాకు బొమ్మల్లోలా అభ్రకపు నేపథ్యం వేయడం ఎలా?

ప్రశ్న:
1794లో జపాన్ చిత్రకారుడు షరాకు వేసిన కబుకి (అక్కడి సంప్రదాయ నాటకం) నటుల ముఖచిత్రాల్లో వెనక నల్లగా మెరుస్తుంది కదా, అలాంటి నేపథ్యం కోసం తుమ్మజిగురులో అభ్రకప్పొడి కలిపి అచ్చు వేస్తున్నాను. మచ్చలుగా పడుతోంది, ఆరాక వేలికి అంటుతోంది. జుట్టు అంచున సన్నటి తెల్లగీత కూడా మిగులుతోంది. జపాన్ బొమ్మల ప్రభావంతో ముద్రణలు చేసిన అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ కూడా చెక్క అచ్చులతోనే చేసిందా?

జవాబు 1:
కలిపి వేయకండి, చల్లండి. కలిపితే పొడి గిన్నె అడుక్కి దిగుతుంది. రేకులు కాగితం మీద చదునుగా పడుకుంటేనే మెరుపు.

మిగతా రంగులన్నీ అయ్యాకే ఇది. ముందు నేపథ్యపు అచ్చుతో నల్లసిరా, కాస్త బియ్యప్పిండి గంజి కలిపి వేయండి. అదే అచ్చుకు పలచటి జిగురు పూసి మళ్లీ వేయండి. మనిషి బొమ్మను స్టెన్సిల్‌తో కప్పి, తడి ఉండగానే సన్నజల్లెడతో పొడి చల్లండి. పూర్తిగా ఆరాక మెత్తటి వెడల్పు కుంచెతో దులపండి. ఆ తర్వాత బారెన్ (కాగితాన్ని అచ్చుమీద రుద్దే గుండ్రటి దిమ్మ) తగలకూడదు.

తుమ్మజిగురు ఆరితే పెళుసు. జపాన్‌లో వాడేది నికావా, జంతుచర్మపు జిగురు. 10 గ్రాములకు 100 మి.లీ. నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మరిగిందంటే పట్టు పోతుంది.

తెల్లగీతకు కారణం చాలావరకు కాగితమే. రంగుకీ రంగుకీ మధ్య ఆరితే కుంచించుకుపోతుంది, కెంటో గుర్తులు (కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చోడానికి అచ్చుమీద చెక్కేవి) ఎంత సరిగ్గా చెక్కినా లాభం లేదు. తడి కాగితాల మధ్య దొంతరగా ఉంచండి. నేపథ్యపు అచ్చు అంచు కూడా నల్లగీత మందం మధ్యదాకా రావాలి.

జవాబు 2:
కసాట్‌వి చెక్క అచ్చులు కావు. 1890లో పారిస్‌లో జపాన్ ముద్రణల ప్రదర్శన చూశాక చేసిన ఆ 10 బొమ్మలూ రాగిరేకులే: గీతలకు డ్రైపాయింట్ (రేకుమీద సూదితో గీయడం), రంగు వెడల్పుగా పరుచుకునే చోట్లకు ఆక్వాటింట్ (ఆమ్లంతో రేకును గరుకు చేయడం). రంగు ప్రతిసారీ చేత్తో రేకుమీద అద్దింది కాబట్టి ఒక ప్రతి ఇంకోదానిలా ఉండదు. జపాన్ చెక్కపనిని నేరుగా వాడుకున్న పాశ్చాత్యులు కావాలంటే కాపెలారి (1915), బార్ట్‌లెట్ (1916) బొమ్మలు చూడండి; ఇద్దరివీ టోక్యో ప్రచురణకర్త వతనాబే షోజబురో అచ్చు వేయించినవే. మీ పనికి మాత్రం జపాన్ చిత్రకారుడు హషిగుచి గోయో 1920లో చేసిన తల దువ్వుకునే స్త్రీ బొమ్మే మేలు. తైలవర్ణాలు నేర్చిన చెయ్యి, అయినా వెనక షరాకు కాలపు చిత్రకారుడు ఉతమరో తరహా అభ్రకం.

ప్రశ్న అడిగినవారు:
గూడూరు వైపు మైకా పనికొస్తుందా?

జవాబు 1:
వస్తుంది, అదీ మస్కోవైటే (అభ్రకంలో ఒక రకం). బాగా నూరి జల్లించండి, పెద్ద రేకులుంటే పెళ్లికార్డు తళుకులా కనిపిస్తుంది. దులిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి.